ముందు అరికాలు చూసుకోండి: మన ఒంటి మీద చర్మ క్యాన్సర్‌ను గుర్తుపట్టే పద్ధతి

మా మేనత్తకి ఎడమ మడమ కింద మచ్చ మొదటిసారి కనపడినప్పుడు అది మినపగింజంత ఉంది. జీడితోటలో పని, చెప్పుల్లేని నడక. "ముల్లు గుచ్చుకున్నాది బాబూ, లోపల ఉండిపోయి నల్లబడినాది" అంది. ఆరు నెలలకి అక్కడ కాస్త గట్టిపడితే ఆనెకాయ అన్నారు. మందుల షాపులో ఆనెకాయ పట్టీ ఇచ్చారు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన బ్లేడుతో రెండుసార్లు చెక్కాడు. చెక్కినప్పుడల్లా రక్తం ఆగడానికి చాలాసేపు పట్టేది. నెల తిరిగేసరికి మచ్చ మునుపటి కంటే వెడల్పుగా, ఒక పక్క బూడిదరంగులో, ఇంకో పక్క కాటుకలా మళ్లీ వచ్చేది. ఏడాదిన్నర అయ్యాక గజ్జల్లో బిళ్ల కట్టింది. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్లాం. మెలనోమా అన్నారు. మడమ దగ్గర కోశారు, గజ్జల్లో బిళ్లలు తీశారు. ఆ తర్వాత రెండేళ్లు బతికింది.

ఆ ఏడాదిన్నరలో ఆ పాదాన్ని ఇంట్లో ఎనిమిది మందిమి చూశాం. కాళ్లు నొక్కినవాళ్లం, పండక్కి పసుపు రాసినవాళ్లం. చూసినది ఏమిటో ఒక్కరికీ తెలియలేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంకో ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను. చదివి వదిలెయ్యకుండా, చదువుతూనే ఒక్కొక్కటీ మీ ఒంటి మీద చూసుకోండి.

మన ఒంటికి మన లెక్క వేరు

చర్మ క్యాన్సర్ అని ఫోన్‌లో వెతికితే వచ్చే బొమ్మలు ఎక్కువగా తెల్లతోలువే. ఎండలో కమిలి ఎర్రబడ్డ వీపులు, భుజాలు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి వాళ్ల ఒంటికి తగ్గట్టు వాళ్లు రాసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. అవి చూసి "మనం చామనఛాయ వాళ్లం, మనకి రాదులే" అనుకోవడమే తప్పు. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలని అది చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే మన దేశంలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో చర్మానిది నూటికి ఒకటి రెండుకి మించదు. అయితే మెలనిన్ కాపలా కాసేది ఎండ నుంచి మాత్రమే. ఎండతో పనిలేకుండా వచ్చే చర్మ క్యాన్సర్లకి అది అడ్డం రాదు. మనవాళ్లు ఆలస్యంగా పట్టుకునేవి ఎక్కువగా అవే: అరికాలు, గోరు కింద, పాత కాలిన మచ్చ, మానని పుండు, నడుం చుట్టూ బొందు ఒరుసుకునే చోటు.

పేర్లు మూడు గుర్తుంటే చాలు. మెలనోమా రంగు పుట్టించే కణాల నుంచి వస్తుంది. మూడింటిలో ఇదే తొందరగా లోపలికి పాకేది. తెల్లవాళ్లలో ఇది వీపు మీద, కాళ్ల మీద ఎక్కువ. మనలాంటి ఒంటిరంగు వాళ్లలో అరికాళ్లు, అరచేతులు, గోళ్లలో ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద ఇదే వచ్చింది. 1977లో బయటపడితే 1981లో, 36 ఏళ్లకే పోయాడు. రెండోది స్క్వామస్ సెల్ క్యాన్సర్. పాత మచ్చలు, పుండ్ల మీద లేచేది ఇదే. మూడోది బేసల్ సెల్ క్యాన్సర్. ముఖం మీద నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. దూరంగా పాకడం చాలా అరుదు కానీ వదిలేస్తే ముక్కుని, కంటి రెప్పని తినేస్తుంది.

మొదటి మెట్టు: మీకు ముప్పు ఎంత?

కాగితం, పెన్ను తీసుకోండి. కింద చెప్పేవాటిలో మీకో, ఇంట్లో పెద్దవాళ్లకో ఉన్నది రాసుకోండి. ఒకటి ఉన్నా చాలు, మీరు నెలనెలా చూసుకోవలసిన మనిషి.

పాత కాలిన మచ్చ. మన జిల్లాల్లో నేను అన్నిటికంటే ముందు అడిగేది ఇది. పూరిళ్ల వరసలు వేసవిలో తగలబడిన ఊళ్లు మనకి కొత్త కాదు. కిరసనాయిలు స్టవ్వు మంటలు, మరిగే గంజి, చిన్నప్పుడు పచ్చకామెర్లకో కడుపునొప్పికో పెట్టిన వాతలు, ఇవన్నీ ఒంటి మీద తెల్లగా, గట్టిగా, వెంట్రుకలు లేని మచ్చలుగా మిగిలిపోతాయి. అలాంటి మచ్చలో ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత స్క్వామస్ సెల్ క్యాన్సర్ లేవడం వైద్యులకి దాదాపు రెండు వందల ఏళ్లుగా తెలుసు. 1828లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరు మీద మార్జోలిన్ పుండు అంటారు. చిన్నప్పుడు కాలింది కదా, ఎప్పుడో మానిపోయింది కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ముఖ్యంగా మోకాలి వెనక, మోచేతి మడతలో, చీలమండ దగ్గర, అంటే కదిలినప్పుడల్లా మచ్చ సాగి పగిలే చోట.

ఏళ్ల తరబడి మానని పుండు. షుగరు పుండు కావచ్చు, ఉబ్బిన సిరల వల్ల చీలమండ పైన పడే పుండు కావచ్చు, ఎముకలోంచి చీము కారే రంధ్రం కావచ్చు. కుష్ఠు వచ్చి తగ్గినవాళ్లలో అరికాలి స్పర్శ పోయి పడే పుండు కూడా అంతే. సాలూరులో కుష్ఠు ఆసుపత్రి వెలిసిందంటేనే ఈ వైపు ఆ జబ్బు ఎంత ఉండేదో అర్థమవుతుంది. జబ్బు పూర్తిగా నయమైనా స్పర్శ పోయిన పాదం అలాగే ఉంటుంది. నొప్పి తెలియదు కాబట్టి ఆ పుండు ఎప్పుడు మారిందో కూడా తెలియదు.

నడుం మీద బొందు ఒరిపిడి. చీర లోపలి లంగా నాడా, పంచెకట్టు ఏళ్ల తరబడి ఒకే చోట బిగిస్తే అక్కడ తోలు నల్లబడి, పొట్టు రాలి, పగిలి పుండవుతుంది. ఆ పుండు క్యాన్సర్ అయిన కేసులు మన దేశంలో చాలాకాలంగా నమోదవుతున్నాయి. 2024లో మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు రాసిన వాటిలో ఒకామెకి 70 ఏళ్లు, నడుం పక్కన పుండు 18 నెలలుగా మానలేదు. మన అమ్మమ్మలు "అది మామూలే" అని దాచుకునే చోటు అదే.

మేనరికం. దీన్ని చెప్పడం కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం అందితే వచ్చే జబ్బుల్లో రెండు చర్మ క్యాన్సర్‌కి నేరుగా దారి తీస్తాయి. ఒకటి అల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా, చూపు అదురుతూ ఉండటం. రెండోది జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఈ బిడ్డని కాస్త ఎండలోకి తీసుకెళ్తేనే ముఖం కమిలిపోతుంది, రెండేళ్లు నిండేలోపే ముఖం, చేతుల మీద గసగసాలు చల్లినట్టు నల్లచుక్కలు వస్తాయి, వెలుతురుకి కళ్లు తెరవలేదు. ఈ పిల్లలకి పదేళ్లు రాకుండానే క్యాన్సర్ రావచ్చు. అలాంటి చుక్కలున్న పసిబిడ్డని "ముత్యాలు" అంటూ ముద్దు చెయ్యకుండా ఆ వారమే స్కిన్ డాక్టరుకి చూపించండి. ఈ రెండు జబ్బులున్నవాళ్లకి ఎండ నిజంగానే శత్రువు. పొడుగు చేతుల చొక్కా, టోపీ, గొడుగు, ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాళ్లకి మందుతో సమానం.

కిడ్నీ మార్పిడి. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కిడ్నీ మార్చుకున్నవాళ్లు కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఆ మాత్రలే చర్మంలో తప్పుదారి పట్టిన కణాలని ఒళ్లు ఏరిపారెయ్యకుండా చేస్తాయి. మాత్రలు మానకూడదు, మానితే కిడ్నీ పోతుంది. చెయ్యవలసిందల్లా నెలనెలా ఒళ్లు చూసుకోవడం, కొత్త పులిపిరి లాంటిది ఏది లేచినా కిడ్నీ డాక్టరుకి చూపించడం.

మిగిలినవి క్లుప్తంగా. ఇంట్లో తల్లికో తోబుట్టువుకో మెలనోమా వచ్చి ఉండటం. పుట్టుకతోనే జానెడు వెడల్పు నల్లమచ్చ ఉండటం. పాషాణం కలిసిన నాటుమందులు ఏళ్ల తరబడి వాడి అరచేతుల్లో, అరికాళ్లలో మొక్కజొన్న గింజల్లాంటి గట్టి బొడిపెలు రావడం. తారు పనులు, యంత్రాల మురికినూనె రోజూ ఒంటికి అంటే పనులు. ముప్పై నలభై ఏళ్లు సముద్రం మీద, పొలంలో నడినెత్తి ఎండలో గడపడం.

ఒక భయం మాత్రం తీసెయ్యండి: బొల్లి మచ్చలు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారవు.

రెండో మెట్టు: చూసుకునే రోజు, చూసుకునే పద్ధతి

ముప్పు లేనివాళ్లకి ఏడాదికి రెండుసార్లు చాలు. రోజులు గుర్తుండటానికి మా ఇంట్లో ఒక లెక్క పెట్టుకున్నాం. అరసవల్లిలో మార్చి రెండో వారంలోను, అక్టోబరు మొదటి రోజుల్లోను సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకుతాయి. ఆ రెండుసార్లూ మేం మా పాదాలు చూసుకుంటాం. చర్మవ్యాధి తగ్గాలని అరసవల్లి మొక్కుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. మొక్కు తీర్చుకోండి, ఇంద్రపుష్కరిణిలో స్నానం చెయ్యండి, మర్నాడు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి.

మొట్టమొదట కాళ్లు గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, రాయితోనో పీచుతోనో తోమి తుడుచుకోండి. బురద, పగుళ్లలో చేరిన మట్టి పోవాలి. గోళ్ల రంగు తీసెయ్యండి. గోరింటాకు, పారాణి పండి ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే ముందు రోజైతే ఇంకా మంచిది. మెట్టెలు, మొలతాడు, గాజులు పక్కకి జరపండి. ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుతురులో, కిటికీ పక్కనో వసారాలోనో కూర్చోండి. ఒక చిన్న అద్దం ఉంటే చాలు. వీపు, పిరుదులు, తొడల వెనక, చెవి వెనక మనకి కనపడవు. భార్యాభర్తలు ఒకరికొకరు, తల్లికి కూతురు, అత్తకి కోడలు చూడాలి. సిగ్గు పడవలసిన పని కాదిది. నా కోరిక ఒక్కటే: ఇంట్లో ముసలివాళ్ల అరికాళ్లు మీరే చూడండి. వాళ్లు వంగి చూసుకోలేరు, చూసుకున్నా చెప్పరు.

మూడో మెట్టు: ఏ చోట ఏం వెతకాలి

అరికాలు. మడమ, ముందుపాదం కింద బరువు పడే చోట్లు, వేళ్ల సందులు, ఒక్కోటీ విప్పి చూడండి. మన పాదాల మీద గోధుమరంగు చిన్న చుక్కలు ఉండటం మామూలే. చాలామందికి రెండు మూడు ఉంటాయి, చిన్నప్పటి నుంచీ అలాగే ఉంటాయి. "అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే దేశాలు తిరుగుతాడు" అని మురిసిపోతాం కూడా. చిన్నప్పటి నుంచి మారనిదైతే మురవండి. నలభై దాటాక కొత్తగా వచ్చినదైతే, పెరుగుతున్నదైతే మురవకండి. అనుమానించవలసిన మచ్చ ఒకే రంగులో ఉండదు: గోధుమ, నలుపు, బూడిద కలగలిసి, తెల్లకాగితం మీద సిరా ఒలికినట్టు అంచు అటూ ఇటూ పాకి ఉంటుంది. కొన్ని మెలనోమాలకి నలుపే ఉండదు. ఎర్రగా, పచ్చిగా, మానని పుండులా ఉండి షుగరు పుండు అనిపిస్తాయి.

ఆనెకాయకీ దీనికీ తేడా ఉంది. ఆనెకాయ గట్టిగా, పసుపుపచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది. చెక్కితే లోపల గాజులాంటి గట్టి ముద్ద కనపడుతుంది, మీద తోలు రేఖలు చెదరవు. చెక్కినప్పుడు నల్లరంగు ఇంకా లోతుకి పోతూ ఉంటే, రక్తం కారితే, అక్కడితో ఆపెయ్యండి. ఇంకెవరి చేతా చెక్కించకండి.

గోరు. కాలి బొటనవేలు, చేతి బొటనవేలు ముందు చూడండి. గోరు మీద మొదలు నుంచి చివరికి నిలువుగా నల్లచార ఉందా? చామనఛాయ వాళ్లలో పెద్దవయసుకి చాలా గోళ్లలో ఇలాంటి చారలు వస్తాయి, అవి సన్నగా, సమంగా ఉంటే ప్రమాదం కాదు. ఒక్క గోరులోనే కొత్తగా వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పు అవుతూ, మొదట్లో వెడల్పుగా చివర సన్నగా ఉంటే అనుమానించాలి. గోరు చీలినా, పైకి లేచినా, రసి కారినా అంతే. అన్నిటికంటే గట్టి గుర్తు, నలుపు గోరు దాటి పక్క తోలు మీదికి, గోరు మొదలు దగ్గరి మడత మీదికి పాకడం.

"కాలికి రాయి తగిలింది, రక్తం కమిలింది" అన్నారా? దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మచ్చ వెనక అంచు దగ్గర గోరు మీద సూదితో సన్నగా గీత గీసి ఫోటో తియ్యండి. కాలి గోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటరు, చేతి గోరు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. కమిలిన రక్తమైతే గీతతో పాటు మచ్చ కూడా ముందుకి జరుగుతుంది, వెనక శుభ్రమైన గోరు వస్తుంది. గీత ముందుకి జరిగినా నలుపు మొదలు దగ్గరే కూర్చుంటే అది రక్తం కాదు. మానని గోరుచుట్టు అని నెలల తరబడి నిమ్మకాయ తొడుగుతున్న వేలుని కూడా ఇలాగే అనుమానించండి.

అరచేయి. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పిక్క డొక్కలోంచి వచ్చే నూనె చేతిని కాల్చి నల్లగా చేస్తుంది, ఆ నలుపులో ఏ మచ్చ కలిసిపోయినా తెలియదు. పని లేని రోజుల్లో ఆ తోలు పొరలుగా ఊడి కింద కొత్త తోలు వస్తుంది. ఆ కొత్త తోలు మీద కూడా ఒకే చోట నలుపు మిగిలి ఉంటే చూపించండి.

పాత మచ్చ, పాత పుండు. మా బంధువొకాయనకి ఆరేళ్ల వయసులో ఇల్లు కాలి కుడి మోకాలి వెనక మచ్చ పడింది. నలభై ఆరో ఏట అక్కడ దురద మొదలైంది. పగులుతుంది, పెచ్చు కడుతుంది, పెచ్చు ఊడితే మళ్లీ పచ్చి. రెండు నెలలు అలా అయ్యాక నేను చూశాను. పుండు అంచు కంచం అంచులా పైకి లేచి బయటికి తిరిగి ఉంది, మధ్యలో కాలీఫ్లవర్ పువ్వులా గరుకుగా, వేలు తగిలితే రక్తం. వాసన కూడా మారింది. మానే పుండు అంచు పలచబడి లోపలికి కమ్ముకుంటుంది. ఇది బయటికి పొంగుతోంది. ఆ వారమే బయలుదేరాం. ముక్క పరీక్షలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ వచ్చింది, గజ్జలకి ఇంకా పాకలేదు. కోసి, తొడ మీది తోలు తీసి అతికించారు. ఇప్పుడు కొబ్బరితోటలో తన పని తనే చేసుకుంటున్నాడు. మా అత్తకీ ఆయనకీ మధ్య తేడా ఆ పదహారు నెలలే.

నడుం. బొందు కట్టే వరస అంతా వేలితో తడిమి చూడండి. నల్లబడిన చారలో బొడిపె, పగులు, రసి ఉంటే చూపించండి. లేకపోతే ఇవాళ్టి నుంచే సన్నటి నాడా మాని వెడల్పు పట్టీ వెయ్యండి, రోజుకో ఎత్తున కట్టండి, ఇంట్లో ఉన్నప్పుడు వదులు చెయ్యండి.

ముఖం. ముక్కు పక్కలు, కంటి మూల, కింది రెప్ప, పై పెదవి మీద. బేసల్ సెల్ క్యాన్సర్ తెల్లవాళ్లలో గులాబీరంగు ముత్యంలా ఉంటుంది, మనలో నల్లగా ఉంటుంది. మెరుస్తూ, నల్లపూసలు గుండ్రంగా గుచ్చినట్టు అంచు, మధ్యలో గుంట, గుంటలో పెచ్చు. ముఖం కడిగినప్పుడల్లా పెచ్చు ఊడి చుక్క రక్తం వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి ఏళ్లు గడిచిపోతాయి. వయసుతో బుగ్గల మీద వచ్చే చిన్నచిన్న నల్ల బొడిపెలు, మంగు, శోభి, ఇవేవీ క్యాన్సర్ కావు.

పెదవి, నోరు. కింది పెదవి ఎండకి ఎదురుగా ఉంటుంది, మత్స్యకారుల్లో అక్కడ పొట్టు రాలడం, మానని పగులు చూడాలి. చుట్ట తాగేవాళ్లు అద్దం ముందు నోరు బాగా తెరిచి అంగిలి కూడా చూసుకోవాలి. అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం, మన తీరం ఊళ్లలో ఆడవాళ్లకి ఉన్న అలవాటు. 1971లో అచ్చయిన పరిశోధనలో ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించారు. అడ్డపొగ వల్ల అంగిలి తెల్లబడి, బొడిపెలు లేచి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని లోకానికి తెలిసింది ఇలాంటి పనుల వల్లే. అంగిలిది చర్మం కాదు నిజమే, కానీ అద్దం ఎలాగూ చేతిలో ఉంది.

చివరగా మర్మాంగాలు, తల వెంట్రుకల కింద తోలు, పచ్చబొట్లు. పచ్చబొట్టు మీద కొత్త నలుపు చేరితే సులువుగా కనపడదు, వేలితో తడిమితే ఎత్తు తెలుస్తుంది.

నాలుగో మెట్టు: పుట్టుమచ్చని తూకం వెయ్యడం

కనపడిన ప్రతి మచ్చకీ భయపడక్కర్లేదు. ఈ అయిదూ అడగండి. మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా? అంచు గుండ్రంగా ఉందా, చెదిరి ఉందా? రంగు ఒకటేనా, రెండు మూడా? అడ్డకొలత 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ వెనక రబ్బరంత, దాటిందా? మారుతోందా? ఈ చివరి ప్రశ్నకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. చిన్నదైనా మారుతున్న మచ్చ, పెద్దదైనా మారని మచ్చ కంటే ప్రమాదం. ఒంటి మీద మిగతా మచ్చలతో పోలిక లేకుండా ఒక్కటే వేరుగా కనిపిస్తే దాన్నీ లెక్కలో వేసుకోండి.

అనుమానం గట్టిగా లేకపోతే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి తేదీ రాసుకోండి. నెల తర్వాత అదే వెలుతురులో, అదే దూరంలో మళ్లీ తీసి పోల్చండి. మార్పు కనపడితే ఇంకో నెల ఆగొద్దు. పుండుకైతే గడువు నాలుగు వారాలు. ఏ మందు రాసినా నాలుగు వారాల్లో మానని పుండు డాక్టరు చూడవలసిందే. రక్తం కారే నల్లమచ్చ, తోలు మీదికి పాకిన గోరు నలుపు, గజ్జల్లోనో చంకలోనో నొప్పి లేని గట్టి బిళ్ల కనపడితే ఆ వారంలోనే వెళ్లాలి.

ఈలోగా చెయ్యకూడనివి ఉన్నాయి. సున్నం, సోడా కలిపి మచ్చ మీద పెట్టడం. వెంట్రుకతో బిగించి కట్టడం. నల్లజీడితో కాల్చడం. పార్లర్‌లో కరెంటుతో కాల్పించుకోవడం. మచ్చ పైపైన రాలిపోతుంది, అడుగున ఉన్నది లోతుకి పోతుంది, పరీక్షకి ఆనవాలు కూడా మిగలదు. మందుల షాపులో ఇచ్చే ఎర్రదనం తగ్గించే స్టెరాయిడ్ ట్యూబులు కూడా వద్దు.

అయిదో మెట్టు: డాక్టరు దగ్గర

శ్రీకాకుళంలో మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, నెల్లిమర్ల మిమ్స్‌లో స్కిన్ ఓపీ అడగండి. పెద్ద వైద్యానికి విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. క్యాన్సర్ చికిత్సలు ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తాయి, వివరాలు ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. ఊళ్లో ఆశా కార్యకర్తకి ముందే చెబితే ఎవరి దగ్గరికి వెళ్లాలో దారి చూపిస్తుంది.

ఓపీలో మనకి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. చెప్పులు విప్పి, పట్టీ ఊడదీసి, పాదం చూపించండి. చెప్పవలసింది ముందే ఒక చీటీ మీద రాసుకోండి: మచ్చ ఎప్పుడు మొదలైంది, ఎలా మారింది, రక్తం వచ్చిందా, ఇంతవరకు ఏం రాశారు, ఎవరు చెక్కారు, అక్కడ పాత కాలిన మచ్చ ఉందా. ఫోటోలు చూపించండి. డాక్టరు డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దంతో చూడవచ్చు. అరికాలి రేఖల్లో రంగు పల్లాల్లో ఉందా, గట్ల మీద ఉందా అని అందులో తెలుస్తుంది. గట్ల మీద ఉంటే అనుమానం ఎక్కువ. డాక్టరు ఆనెకాయే అన్నా మీకు అనుమానం తీరకపోతే మర్యాదగా ఒక్క మాట అడగండి: "ముక్క తీసి పరీక్షకి పంపితే బాగుంటుందాండీ?"

ముక్క పరీక్ష అంటే బయాప్సీ. తిమ్మిరి సూది వేసి కొంచెం తోలు తీస్తారు, ఒకటి రెండు కుట్లు పడతాయి, అదేరోజు ఇంటికి రావచ్చు. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అనే మాట మా అత్త విషయంలో కూడా ఇంటి నిండా వినపడింది. అది నిజం కాదు. పరీక్ష లేకుండా బ్లేడుతో చెక్కుతూ కాలం గడపడమే దాన్ని పాకనిస్తుంది. ఏ కారణానికైనా ఒంటి మీంచి తీసిన కాయని, మచ్చని పారెయ్యనివ్వకండి, ల్యాబ్‌కి పంపమని అడగండి. రిపోర్టు ఎప్పుడొస్తుందో, ఏ గదిలో తీసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. కూలి పోతుందని, రిపోర్టు కోసం మళ్లీ రైలెక్కనివాళ్లు ఉంటారు. మీరు వెళ్లలేకపోతే ఇంట్లో ఒకరిని పంపండి.

రిపోర్టులో మెలనోమా అని ఉంటే మందం ఎన్ని మిల్లీమీటర్లని అడగండి. దాన్ని బ్రెస్లో మందం అంటారు. ఎంత కొయ్యాలి, గజ్జల్లో బిళ్ల పరీక్ష కావాలా అన్నది ఎక్కువగా దాన్ని బట్టే ఉంటుంది. 1 మిల్లీమీటరు కంటే పలచగా ఉన్నప్పుడు కోసి తీసేస్తే చాలామందికి నయమైపోతుంది. బేసల్ సెల్ అయితే తొలిదశలో కోత ఒక్కటే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. స్క్వామస్ సెల్ పాత మచ్చలోంచి వచ్చినదైతే కాస్త మొండిది, బిళ్లలకి పాకే గుణం ఎక్కువ, అందుకే చుట్టూ బాగున్న తోలు కూడా కలిపి తీస్తారు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండేళ్లు డాక్టరు పిలిచిన ప్రతిసారీ వెళ్లాలి. మధ్యలో నెలకోసారి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో కుట్ల చుట్టూ, ఆ కాలి వైపు గజ్జల్లో, చేతికైతే చంకలో తడిమి చూసుకోవాలి. చింతగింజంత గట్టి బిళ్ల తగిలితే తర్వాతి తేదీ దాకా ఆగకుండా మర్నాడే వెళ్లాలి. మెలనోమా వచ్చినవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా ఒకసారి స్కిన్ డాక్టరు చేత ఒళ్లంతా చూపించుకోవాలి. మా అత్త పోయాక మేం పదకొండు మందిమి వెళ్లాం. మా చెల్లెలి కుడి అరికాలి మీద మచ్చ ఒకటి అనుమానంగా ఉందని తీసి పంపారు. మామూలు పుట్టుమచ్చే అని రిపోర్టు వచ్చింది.